మైకుల బాధ్యత నీ మీద పడిందట

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

రెండు రోజుల సెమినార్‌కు మైకులు, ప్రొజెక్టరు, రికార్డింగు అన్నీ నీ నెత్తిన పెట్టారని తెలిసింది. డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరినవాళ్లకు ముందుగా అంటగట్టే పని ఇదే, నాకూ అలాగే తగులుకుంది. అన్నీ సజావుగా జరిగితే ఎవరికీ గుర్తుండదు. ఒక్క మైకు మూగబోయిందా, ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

అందరూ ముందు ప్రొజెక్టరు గురించి కంగారు పడతారు. నువ్వు ముందు మాట సంగతి చూసుకో. తెర మీద బొమ్మ పోయినా వక్త నోటితో నెట్టుకొస్తాడు. మాట వినపడకపోతే పది నిమిషాల్లో వెనక వరుసలన్నీ ఫోన్లలో తలలు దూర్చేస్తాయి. హాలు ఖరారు కాగానే ఎవరినైనా వేదిక ఎక్కించి మాట్లాడించి, నువ్వు వెళ్లి చివరి వరుసలో కూర్చో. ఖాళీ హాల్లో గొంతు ఖంగుమంటుంది గానీ, జనం నిండాక వాళ్ల ఒళ్లూ బట్టలూ శబ్దాన్ని పీల్చేస్తాయి. అందుకని ఖాళీ హాల్లోనే వాల్యూమ్ చివరిదాకా తిప్పాల్సి వస్తోందంటే మరో జత స్పీకర్లు అడుగు.

మైకు కుయ్యిమనేది స్పీకరులోంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులోకి దూరినప్పుడు. స్పీకర్లు మైకులకంటే ముందుకు, జనం వైపు తిరిగి ఉండాలి. చేతి మైకు పట్టుకుని స్పీకరు ముందుకు షికారుకు వెళ్లే వక్తలుంటారు, వాళ్లకు ముందే చెప్పు. కాలరు మైకు గడ్డానికి జానెడు కిందుగా పెట్టాలి. గొలుసో పైటో రాసుకుంటే హాలంతా గరగరే. దాని మాటను గాల్లో పంపే చిన్న డబ్బా, అంటే ట్రాన్స్‌మిటరు, తగిలించుకోవడానికి బెల్టో జేబో కావాలి కదా, అవి లేని బట్టలేసుకొచ్చిన వక్తకు చేతి మైకే మేలు. బ్యాటరీలు పూటపూటకీ కొత్తవి వేయించు, మైకు మీద ఛార్జీ చూపించే గీతల్ని నమ్మకు.

ప్రశ్నలడిగేవాళ్లకు విడిగా రెండు మైకులు, వాటిని పట్టుకుని తిరగడానికి ఇద్దరు విద్యార్థులు ఉండాలి. "నాకు మైకెందుకులెండి, నా గొంతు పెద్దదే" అనేవాళ్లు ప్రతి సభలోనూ ఒకరిద్దరుంటారు. వాళ్ల గొంతు హాల్లో వినపడుతుంది, రికార్డింగులో పడదు. మొహమాటపడకుండా మైకు చేతిలో పెట్టించెయ్.

స్లైడ్లన్నీ ముందురోజే తెప్పించి ఒకే లాప్‌టాప్‌లోకి ఎక్కించు. తెలుగు ఫాంటు లేని లాప్‌టాప్‌లో అక్షరాలు డబ్బాలైపోతాయి, కాబట్టి పీడీఎఫ్ కూడా అడిగి ఉంచుకో. అయితే పీడీఎఫ్‌లో వీడియోలు ఆడవు, వాటిని విడి ఫైళ్లుగా తీసుకోవాలి. ఎవరైనా నా లాప్‌టాపే పెట్టుకుంటానని పట్టుబడితే అందులో బొమ్మనీ శబ్దాన్నీ పంపే హెచ్‌డీఎంఐ సాకెట్టు ఉందా, యూఎస్‌బీ-సీ ఒక్కటే ఉందా కనుక్కుని దానికి తగ్గ అడాప్టరు దగ్గర ఉంచు. పది మీటర్లు దాటిన మామూలు హెచ్‌డీఎంఐ తీగను ముందే పెట్టి చూసుకోవాలి, అంత దూరంలో బొమ్మ మినుకుమినుకుమనే అవకాశముంది.

ఇక్కడ నా భాగోతం ఒకటి. ఒకసారి వక్త వీడియో పెడితే బొమ్మ తెర మీద బ్రహ్మాండంగా ఆడుతోంది, మాట మాత్రం పైకప్పు నుంచి దోమ పాటలా వస్తోంది. హెచ్‌డీఎంఐ తగిలించగానే లాప్‌టాప్ శబ్దాన్ని కూడా ప్రొజెక్టరుకే పంపేసింది, దాని లోపలుండే బుల్లి స్పీకరు తన శక్తికొద్దీ పాడుతోంది! సౌండు సెట్టింగులో అవుట్‌పుట్ మార్చి, లాప్‌టాప్ నుంచి మిక్సరుకు (మైకుల శబ్దాలన్నీ కలిపి స్పీకర్లకు పంపే పెట్టెకు) విడిగా తీగ వేయిస్తే సరిపోయేది. నాకది తట్టేసరికి వీడియో అయిపోయింది.

అన్నిటికంటే చిక్కు ఆన్‌లైన్‌లో మాట్లాడే వక్తతో. ఆయన మాట హాలు స్పీకర్లలో రావాలి, హాలు మాట ఆయనకు చేరాలి. కానీ ఆయన గొంతు ఆయనకే తిరిగి వెళ్లకూడదు, వెళ్తే ప్రతి మాటా రెండుసార్లు వినపడి ఆయన తడబడతాడు. సౌండు సిస్టం నడిపే ఆపరేటరుకు ఈ ఒక్క ముక్క ముందే చెబితే మిక్సరులో దారి వేరు చేస్తాడు. ఆ లాప్‌టాప్‌కు వైఫై కాకుండా తీగ నెట్టే ఇప్పించు. అదే మీటింగులోకి హాల్లోంచి ఇంకెవరూ స్పీకరు తెరిచి చేరకుండా చూడు.

రికార్డింగుకు శబ్దం మిక్సరు నుంచే తీసుకోవాలి, కెమెరా మైకులో దగ్గులే ఎక్కువ పడతాయి. పాత ఫోటో కెమెరాలు చాలావాటిలో వీడియో 29 నిమిషాల 59 సెకన్లకు దానంతటదే ఆగిపోతుంది, దగ్గర ఒక మనిషి ఉండాల్సిందే. రికార్డు చేస్తున్నామని వక్తలకు చెప్పి ఒప్పుకోలు రాతలో తీసుకో.

ఇవన్నీ నడిపేది ఆపరేటరు. "సౌండు సిస్టం కావలెను" అని ఒక్క ముక్క రాసి పంపితే అతను మాత్రం ఏం చేస్తాడు? ఏ సెషన్‌లో వేదిక మీద ఎంతమంది, ఎన్ని మైకులు, వీడియో ఎప్పుడు, ఆన్‌లైన్ ఎప్పుడు అన్నీ రాసి కాగితం చేతికియ్యి. భోజనాల వేళ అతన్ని మర్చిపోకు. మేమొకసారి మర్చిపోయాం. అతను తిండి వెతుక్కుంటూ బయటికెళ్లాడు, మధ్యాహ్నం సెషన్ మైకు లేకుండానే మొదలైంది.

ముందురోజు సాయంత్రం అన్నీ బిగించాక కబురు పెట్టు, వచ్చి చివరి వరుసలో కూర్చుంటాను. ఈమధ్య చెవులు కాస్త మందగించాయి. నాకు వినపడిందంటే ఇంకెవరి గురించీ నువ్వు బెంగపడక్కర్లేదు.