ఆగిపోయిన క్యాంపెయిన్‌ను కొనసాగించాలా, మళ్లీ మొదలుపెట్టాలా?

ఐదో లెవెల్ (పాత్రల బలం పెరిగే మెట్టు) దాకా వచ్చిన మీ ఆన్‌లైన్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక పాత్రగా, పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట) క్యాంపెయిన్, అంటే వారాల తరబడి సాగే కథ, మూడు నెలలుగా ఆగిపోయిందని, ఇద్దరు కొత్తవారు చేరుతున్నందున అందరూ ఒకటో లెవెల్ నుంచి మొదలుపెడితే మంచిదా అని అడిగారు. నేను కావలి నుంచి డిస్కార్డ్ అనే మాట్లాడుకునే యాప్‌లో ఆట నడుపుతాను. ఆటగాళ్లలో ఇద్దరు ఒంగోలులో, ఒకరు బెంగళూరులో, ఒకరు డాలస్‌లో ఉంటారు. ఇదే చిక్కు మాకూ వచ్చింది, నేను తొందరపడ్డాను.

మా కథ ఉదయగిరి దుర్గాన్ని పోలిన ఒక కొండకోట చుట్టూ తిరిగేది. 1514లో ఆ దుర్గం చేజిక్కేవరకూ శ్రీకృష్ణదేవరాయలు గజపతుల సేనను ఏడాదికి పైగా ముట్టడించవలసి వచ్చింది కనుక, మా వాళ్లనూ ఆ గోడల కిందే నెలల తరబడి నిలబెట్టాను. (రాయలకున్న ఓపిక అందరికీ ఉండదని తరువాత తెలిసింది.) ఆ మీదట నాలుగు నెలలు ఆట సాగకపోయేసరికి కథే విసుగు పుట్టించిందనుకుని, దాన్ని పక్కన పెట్టి కొత్త పాత్రలతో కొత్త కథ ఎత్తుకున్నాను. మూడో వారం ఆట మధ్యలో ఒంగోలు తమ్ముడొకడు మైకు ఆన్ చేసి, పాత కథను తలచుకుని, "అన్నా, ఆ సొరంగం అవతల ఏముందో ఇప్పుడైనా చెప్పకూడదా" అన్నాడు. మిగిలిన ముగ్గురూ పాచికలు వేయడం మాని నా జవాబు కోసం ఎదురుచూశారు.

కథ మీద ఎవరికీ విసుగు లేదు, మాకు కుదరనిది వేళ. ఇక్కడ ఆదివారం ఉదయం ఏడైతే డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర. నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి జరిపాక అది ఏడున్నర అవుతుంది, అది మా డాలస్ ఆటగాడు పిల్లలకు అన్నం పెట్టే సమయం. చలికాలానికి ఎనిమిది గంటలకు కూర్చుందామనుకోగానే పాత కథ మళ్లీ కదిలింది.

అందుచేత ముందు మీవారిని, తమ పాత్ర చివరిసారి ఏం కోరుకుందో క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాలు రాసుకునే కాగితం) చూడకుండా రెండు వాక్యాలు రాయమనండి. సగం మందైనా రాయగలిగితే కొనసాగించండి; ఎవరికీ గుర్తులేకపోతే నిస్సంకోచంగా కొత్తది మొదలుపెట్టండి. ఈ ఆటకు కొత్తగా 2024 నియమాలు వచ్చాయన్న ఒక్క కారణంతో మాత్రం పాతదాన్ని వదలవద్దు. కొత్తవారిని నేరుగా ఐదో లెవెల్‌లోనే చేర్చుకోండి, ఎందుకంటే ఆ లెవెల్ మాంత్రికుడి ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం దెబ్బ ఎంతో తేల్చడానికి ఎనిమిది ఆరుముఖాల పాచికలు వేస్తారు, శత్రువు చేతి నుంచి అదే వస్తే ఒకటో లెవెల్ పాత్ర ఒక్క దెబ్బకు కూలుతుంది. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి పాత్ర ఆ సొరంగం అవతలే బందీగా దొరికింది.