జ్వరం తగ్గి వారమే.. వింటర్ ట్రైనింగ్ క్యాంప్‌కు వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 29. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇక్కడి క్లబ్‌లో ఓరియెంటీరింగ్ చేస్తుంటాను. మ్యాప్, కంపాస్‌తో దారి వెతుక్కుంటూ అడవిలో పరుగెత్తే ఆట ఇది. ఇక్కడంతా మంచు కాబట్టి ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని అలికాంటే దగ్గర వారం రోజుల క్యాంప్ పెట్టారు. రెండు పూటలా ట్రైనింగ్ ఉంటుంది. నా కుడి చీలమండ రెండుసార్లు బెణికింది. రోజూ పరుగుకు ముందు నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ మాత్ర వేసుకోవచ్చా? పోయిన వారం నాలుగు రోజులు జ్వరం వచ్చింది, డోలో 650తో తగ్గింది. దగ్గు, మెట్లెక్కితే కాస్త దడ ఉన్నాయి. ఇండియా నుంచి తెచ్చుకున్న అజిత్రోమైసిన్ యాంటీబయాటిక్ వెంట ఉంచుకుంటే చాలా?

జవాబు: చీలమండ సంగతి తర్వాత చూద్దాం. చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన ఆ దడే నన్ను ఆందోళన పెడుతోంది. వైరల్ జ్వరం తర్వాత కొద్దిమందిలో గుండె కండరం వాస్తుంది. దీన్ని మయోకార్డైటిస్ అంటాం. మీకు అదే వచ్చిందని చూడకుండా చెప్పలేను. చాలామందిలో ఇది ఉత్త నీరసమే అవుతుంది. కానీ తేల్చుకోకుండా పరుగెత్తకూడదు.

మీరున్న దేశంలో, మీరు ఆడే ఆటలోనే దీనికి చరిత్ర ఉంది. 1979, 1992 మధ్య స్వీడన్‌లో 16 మంది యువ ఓరియెంటీరింగ్ క్రీడాకారులు హఠాత్తుగా చనిపోయారు. పరీక్షల్లో ఎక్కువమందికి గుండె కండరంలో వాపు కనిపించింది. 1992 చివర్లో అక్కడ పోటీలను సుమారు ఆరు నెలలు ఆపేశారు. ఒంట్లో బాగోలేనప్పుడు ట్రైనింగ్ వద్దని గట్టిగా ప్రచారం చేశారు. మీ కోచ్‌కు ఈ సంగతి తెలిసే ఉంటుంది, అడగండి. పైగా ఈ ఆటలో ఎవరి దారి వారిది. చెట్ల మధ్య మీరు పడిపోతే చూసేవాళ్లు ఉండరు.

అందుకే విమానం ఎక్కేముందు స్వీడన్ ఆరోగ్య సలహా నంబర్ 1177కు ఫోన్ చేసి, మీ వార్డ్‌సెంట్రాల్‌లో, అంటే మీ ప్రాంత ఆరోగ్య కేంద్రంలో డాక్టర్‌ను కలవండి. జ్వరం, దడ రెండూ చెప్పండి. ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగే ప్రొటీన్) రక్త పరీక్ష అవసరమా అన్నది వాళ్లు నిర్ణయిస్తారు, అనుమానం ఉంటే ఎకో (గుండె స్కానింగ్) చేయిస్తారు. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, కూర్చున్నా ఆయాసం వస్తే ఆగకుండా 112కు చేయండి. స్పెయిన్‌లోనూ అదే నంబర్. మయోకార్డైటిస్ అని తేలితే మూడు నుంచి ఆరు నెలలు పోటీ పరుగు ఆపాల్సి రావచ్చు. అంతా బాగుందంటే కూడా తొలి రెండు మూడు రోజులు ఒక్క పూటే, మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత వేగంతోనే. ఉదయం లేవగానే నాడి చూసుకోండి. నిమిషానికి మామూలుకన్నా పది ఎక్కువుంటే ఆ రోజు మ్యాప్ పట్టుకుని నడవండి.

ఇక మాత్రలు. ఇక్కడ కాస్త కోప్పడక తప్పదు. డోలో అంటే పారాసిటమాలే. అది వేసుకున్న నాలుగైదు గంటల్లో థర్మామీటర్ చూపేది మీ అసలు జ్వరం కాదు. మాత్ర లేకుండా కనీసం రెండు రోజులు జ్వరం రాకపోతేనే తగ్గిందని లెక్క. అజిత్రోమైసిన్ వైరస్‌పై పనిచేయదు. అది గుండె లయను దెబ్బతీసే అవకాశమూ ఉంది. దడ ఉన్న మనిషి సొంతంగా వేసుకునే మందు కాదు, ఇంట్లోనే వదిలేయండి. పరుగుకు ముందు డైక్లోఫెనాక్ కూడా వద్దు. చెమటతో నీరు తగ్గిన ఒంట్లో అది కిడ్నీలకు రక్తం తగ్గిస్తుంది. నొప్పి తెలియక చీలమండ మళ్లీ మడతపడుతుంది.

చీలమండకు టేప్ లేదా లేసులున్న బ్రేస్ వాడండి. ఇవాళ్టి నుంచే ఒంటికాలిపై 30 సెకన్లు, మూడుసార్లు నిలబడే సాధన చేయండి. ఎండిన రాతినేలపై లోహపు పిన్నుల బూట్లు జారతాయి, రబ్బరు సోల్‌వి కూడా పెట్టుకోండి. క్యాంప్‌లో బెణికి నాలుగు అడుగులు వేయలేకపోయినా, ఎముక అంచు నొక్కితే నొప్పిగా ఉన్నా ఎక్స్‌రే తీయించాలి.

మంచులోంచి వెళ్లిన ఒంటికి కొత్త వాతావరణం అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అంటే క్యాంప్ అయిపోయేదాకా మీరు పూర్తిగా అలవాటుపడరు. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. రెండు శాతం కన్నా ఎక్కువ తగ్గితే నీళ్లు చాల్లేదన్నమాట. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దానిపై రాసినంత నీటిలోనే కలపండి, చిక్కగా వద్దు.

ఫిబ్రవరిలో అక్కడి పైన్ చెట్ల నుంచి గొంగళి పురుగులు బారులు తీరి నేలకు దిగుతాయి. ముట్టుకోకండి. వాటి నూగు తగిలితే చర్మంపై దద్దుర్లు వస్తాయి, కంట్లో పడితే ప్రమాదం. రుద్దకుండా అంటుకునే టేప్‌తో నూగు తీసి, నీళ్లతో కడగండి. కంట్లో పడితే డాక్టర్ దగ్గరకే వెళ్లండి. ముళ్లపొదలున్న చోట కాళ్లు పూర్తిగా కప్పే ప్యాంటు వేసుకోండి. గీతలు పడితే సబ్బుతో కడగాలి. టెటనస్ బూస్టర్ తీసుకుని పదేళ్లు దాటితే, డాక్టర్ దగ్గరకు ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి అది కూడా అడగండి. యూరోపియన్ ఆరోగ్య బీమా కార్డు మరచిపోవద్దు.