స్కిన్ టెస్ట్ చేయించుకోండి, కానీ ముందు వారం ఏ మాత్రలు వేసుకున్నారో చూసుకోండి

మీరు రాసింది నా పాత కథే. పొద్దున మంచం దిగకముందే వరుసగా తుమ్ములు, కళ్ళ దురద, మధ్యాహ్నానికి మళ్ళీ మామూలు. అలర్జీ దేనివల్లో తేల్చే స్కిన్ టెస్ట్ మీకు డాక్టర్ రాశారు, సూదులంటే భయం, అవసరమా అని మీరు అడిగారు. నేనుండేది కూకట్‌పల్లిలో. ఆ టెస్ట్ రెండుసార్లు చేయించుకున్నాను, మొదటిసారిది నా తెలివితక్కువతనం వల్ల వృథా అయింది.

సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు వారం ముందు ఆపమంటే ఆపాను. రెండు రోజుల ముందు ముక్కు కారుతోందని మెడికల్ షాపులో అడిగి ఒక జలుబు మాత్ర వేసుకున్నా. అందులోనూ అదే జాతి మందు ఉంటుందని తట్టలేదు. అలర్జీ తెప్పించే వాటి చుక్కలతో పాటు హిస్టమిన్ (అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలయ్యే రసాయనం) చుక్క ఒకటి, ఉత్త సెలైన్ చుక్క ఒకటి పెడతారు. హిస్టమిన్ దగ్గర దద్దురు లేవాలి. ఆ జలుబు మాత్ర వల్ల నాకు లేవలేదు. అదే లేవనప్పుడు మిగతావి లేవకపోయినా ఏమీ తేలదని ఇంటికి పంపేశారు. నిద్రకో, డిప్రెషన్‌కో, బీపీకో మందులు వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి. అలర్జీ మాత్ర ఆపి ఉండలేనివాళ్ళకు రక్తపరీక్ష ఉంది, దానికి ఏదీ ఆపక్కర్లేదు.

నొప్పంటారా, చీమ కుట్టినంత కూడా లేదు. ముంజేతి మీద పెన్నుతో గుర్తులు పెట్టి, చుక్కలు వేసి, ఒక్కో చుక్క మీద చిన్న మొనతో గుచ్చుతారు. ఆ తర్వాత 15–20 నిమిషాలు గోక్కోకుండా కూర్చోవాలి చూడండి, అదీ పరీక్ష! సెలైన్ దగ్గరి కంటే 3 మిల్లీమీటర్లో, అంతకన్నా ఎక్కువో ఉబ్బితే పాజిటివ్.

నాకు డస్ట్ మైట్ పెద్దగా, బొద్దింక, వయ్యారిభామ చిన్నగా లేచాయి. అప్పటిదాకా మా పక్క ఖాళీ ప్లాటులోని వయ్యారిభామనే తిట్టుకుంటున్నాను. డాక్టర్ కాగితం పక్కన పెట్టి, "ఊరెళ్తే ఎలా ఉంటుంది?" అని అడిగారు. ఊళ్ళో చేలగట్ల నిండా అదే మొక్క. అయినా నాకక్కడ ఒక్క తుమ్మూ రాదు. చర్మం మీద లేచినంత మాత్రాన జబ్బు దానివల్లే అని కాదు, మన రోజువారీ బాధతో అది కలవాలి అన్నారు. పొద్దున్నే వచ్చే తుమ్ములకు పరుపే కలిసింది. డస్ట్ మైట్లు కంటికి కనిపించని పురుగులు, మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని దిండ్లలో, పరుపుల్లో బతుకుతాయి. తేమ ఉంటే మరీ పెరుగుతాయి.

అమ్మ ఇచ్చిన బూరుగు దూది దిండు పక్కన పెట్టడానికి ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. పరుపుకీ, దిండుకీ మైట్లు దాటని జిప్ కవర్లు వేశాం. దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతుకుతాం. డాక్టర్ రాసిన ముక్కు స్ప్రే రోజూ కొడతాను. తుమ్ములు పూర్తిగా పోలేదు, మాత్ర అవసరం మాత్రం బాగా తగ్గింది.

ఒక్క సంగతి. మీకు పిల్లికూతలు, ఆయాసం కూడా ఉంటే టెస్ట్ రోజుకు ముందే చెప్పండి. అవి అదుపులో లేనప్పుడు ఈ టెస్ట్ చేయరు.