బాక్స్‌ప్లాట్ గీస్తే సరిపోదా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ డేటా అనలిటిక్స్ నేర్చుకుంటున్నాను. ఇంటర్వ్యూలో అవుట్‌లయర్స్‌ని (మిగతావాటికి చాలా దూరంగా ఉన్న విలువలను) ప్లాట్ చేసే పైథాన్ ఫంక్షన్ రాయమన్నారు. ఒక్క లైన్ కోడ్‌తో బాక్స్‌ప్లాట్ (విలువల విస్తరణను పెట్టెలా చూపే బొమ్మ) గీసి చూపించాను. సెలెక్ట్ కాలేదు. లోపం ఎక్కడ?
– ఒక విద్యార్థిని

జవాబు: మీ బొమ్మలో తప్పు లేదమ్మా. కానీ పక్కకు పడిన చుక్క ఏ వరుసదో అది చెప్పదు. ఫ్రెషర్ దగ్గర ఇంటర్వ్యూ చేసేవారు ఎక్కువగా చూసేది ఆ వరుసను వెతికి పట్టుకునే ఆలోచనే.

ముందు హద్దు ఎలా గీస్తారో తేల్చుకోండి. పది ఇళ్ల అద్దెలు వేలల్లో ఇలా ఉన్నాయనుకుందాం: 12, 14, 15, 15, 16, 17, 18, 19, 20, 95. సగటు 24.1, స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) సుమారు 25. 95కి జడ్-స్కోర్, అంటే సగటు నుంచి ఎన్ని డీవియేషన్ల దూరంలో ఉందో చెప్పే అంకె, 2.83 మాత్రమే. 3 దాటితేనే అవుట్‌లయర్ అని రాస్తే ఇది దొరకదు. ఆ పెద్ద విలువే డీవియేషన్‌ని పెంచేసి తనను తాను దాచుకుంటుంది. అసలు పది విలువలే ఉన్నప్పుడు ఏ విలువకీ జడ్-స్కోర్ 3 దాటదు! అదే క్వార్టైల్స్‌తో (వరుసలో పేర్చిన విలువలను నాలుగు భాగాలు చేసే హద్దులతో) చూడండి. మొదటి క్వార్టైల్ క్యూ1 15, మూడోది క్యూ3 18.75, తేడా 3.75. దానికి ఒకటిన్నర రెట్లు క్యూ1కి కిందా, క్యూ3కి పైనా తీసుకుంటే హద్దులు 9.375, 24.375. 95 వెంటనే దొరుకుతుంది. ఈ 1.5 సూత్రం గణాంక శాస్త్రవేత్త జాన్ ట్యూకీది. దాన్ని ఫంక్షన్‌లో డిఫాల్ట్ విలువగా పెట్టండి, అవసరమైతే మార్చుకోవచ్చు.

ఎక్కువమంది తడబడేది ఖాళీ విలువల దగ్గర. పైథాన్‌లో లెక్కల లైబ్రరీ అయిన నంపైలోని పర్సెంటైల్ ఫంక్షన్‌కి ఒక్క నాన్ (NaN, ఖాళీ విలువ) తగిలినా జవాబు నాన్ అవుతుంది. దానితో పోల్చిన ప్రతిదీ ఫాల్స్. ఎర్రర్ రాదు, అవుట్‌లయర్లు లేవన్నట్టు బొమ్మ వస్తుంది. పట్టికల లైబ్రరీ పాండాస్‌లోని క్వాంటైల్ ఫంక్షన్ ఖాళీలను వదిలేసి లెక్కిస్తుంది, అదే వాడండి. ఇంకోటి, కాలమ్‌లో చాలావరకు ఒకే విలువ ఉంటే క్వార్టైల్స్ తేడా సున్నా అయి, మిగిలినవన్నీ అవుట్‌లయర్లుగా కనిపిస్తాయి. అప్పుడు హెచ్చరిక ఇవ్వాలి.

ప్లాట్‌లో మామూలు చుక్కలు బూడిద రంగు, బయటివి ఎరుపు, హద్దులకు తెగిన గీత (డాష్డ్ లైన్). ఫంక్షన్ చివర యాక్సిస్‌నీ (బొమ్మ గీసిన చట్రాన్నీ), ఏ వరుస అవుట్‌లయరో చెప్పే ట్రూ–ఫాల్స్ జాబితా అయిన మాస్క్‌నీ తిరిగివ్వండి. బొమ్మను తెరపై చూపించే ‘షో’ ఆదేశాన్ని ఫంక్షన్ లోపల పెట్టకండి, పిలిచినవాళ్లు ఆ బొమ్మకు ఇంకేదైనా చేర్చుకోవాల్సి రావచ్చు.

తర్వాతి ప్రశ్న ‘వీటిని ఏం చేస్తారు?’ అని వస్తుంది. తీసేస్తానని వెంటనే అనకండి. ఆ 95, 9.5కి చుక్క మర్చిపోయిన టైపింగ్ పొరపాటు కావచ్చు, నిజంగానే పెద్ద విల్లా అద్దె కావచ్చు. మాస్క్‌తో ఆ వరుస తెరిచి, ఏరియా, బెడ్‌రూమ్‌లు చూసి చెప్తానని చెప్పండి.