పాత తీగల వైన్ గురించి రాయబోయే ముందు

హీల్డ్స్‌బర్గ్,
అక్టోబరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు చేతపట్టుకొని చదివాను. పాత తీగల జిన్‌ఫాండెల్ ద్రాక్షతో చేసే ఎర్ర వైన్ సీసాలో వయసు పెరిగేకొద్దీ రుచిలో ఎలా మారుతుందో తెలుగులో రాయాలన్న నీ సంకల్పం నాకు చాలా సంతోషం కలిగించింది. ముప్పై ఏళ్లుగా కాలిఫోర్నియాలోని సొనోమాలో ఉంటూ, ఈ తోటల గట్ల మీద తిరుగుతూ, ఈ సంగతిని మన భాషలో నిదానంగా రాసేవాళ్లు ఎప్పుడొస్తారా అని ఎదురుచూసినవాణ్ని కనుక, మొహమాటం పక్కనపెట్టి రాస్తున్నాను.

నీ మూడో పేరాలో బ్లాక్‌బెర్రీ, బాయ్‌సెన్‌బెర్రీ, మిరియం, సెడార్, తోలు, పొగాకు అని ఆరు మాటలు వరసగా పేర్చావు. ఒంగోలులో కూర్చుని చదివేవారికి బాయ్‌సెన్‌బెర్రీ అంటే ఏమిటో తెలియకపోవడం చిన్న లోపం, దాన్ని దిద్దుకోవచ్చు. పెద్ద లోపం మరొకటి ఉంది. ఆ ఆరింటిలో మొదటి మూడూ వైన్ పడుచుగా ఉన్నప్పుడు గట్టిగా పలికేవి, చివరి రెండూ పదేళ్లు దాటాక పైకి వచ్చేవి, సెడార్ కొంత పీపా చెక్క నుంచి, కొంత వయసు నుంచి వచ్చేది. వాటన్నిటినీ ఒక్క వాక్యంలో కలిపేసరికి నువ్వు ఏ సంగతి చెప్పడానికి కూర్చున్నావో ఆ సంగతే, అంటే మధ్యలో గడిచిన కాలమే, మాయమైపోయింది. ఏ వాసన ముందు తగ్గింది, దాని చోటులోకి ఏది వచ్చింది, ఆ మార్పులో నాలుకకు ఏం పోయింది, ఏం దక్కింది అన్నది రాయగలిగితే, వైన్ ఎన్నడూ ముట్టని పాఠకుడు కూడా నీ వెంట నడుస్తాడు. ఈ లేఖలో నేను నీకు చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

ముందు తోటలోకి వెళ్లు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు చూసిన కళ్లకు ఇక్కడి పాత తోట మొదట ద్రాక్షతోటలాగే కనిపించదు. పందిరి ఉండదు, వరసల వెంట లాగిన ఇనుప తీగలు ఉండవు. నడుం ఎత్తు దాటని లావుపాటి నల్లటి మోడు, దాని తల నుంచి నాలుగైదు వంకర కొమ్మలు, వాటి మీద ఏటేటా పుట్టే కొత్త చిగుళ్లు, అంతే. ఇలాంటి తోటల్లో చాలావాటికి నీరు కూడా పెట్టరు. చలికాలపు వానను నేల దాచుకుంటే, లోతుకు దిగిన వేళ్లు వేసవి పొడవునా దాన్ని వెతుక్కుంటాయి. కాపు తక్కువ. డ్రై క్రీక్ లోయలోను, సొనోమా లోయలోను, లోడైలోను, అమడార్ కొండల్లోను నూరేళ్లు దాటిన మోళ్లు ఇప్పటికీ కాస్తున్నాయి. సొనోమా లోయలోని బెడ్‌రాక్ తోటను మళ్లీ నాటింది 1888లో. అమెరికా చట్టంలో ‘పాత తీగ’ అన్న మాటకు నిర్వచనం లేదు కనుక, సీసా మీద ఆ మాట కనిపించగానే నమ్మి రాయవద్దు. తోట ఏదో, ఎప్పుడు నాటారో కనుక్కున్న తరువాతే రాయి.

సెప్టెంబరు మొదటి వారంలో ఒక గుత్తిని అరచేతిలో పెట్టుకొని చూడు. జిన్‌ఫాండెల్ స్వభావమంతా అందులోనే ఉంది. ఒకే గుత్తిలో ఒక పండు ఇంకా పచ్చగా, గట్టిగా ఉంటుంది; దాని పక్కది నల్లగా నిగనిగలాడుతూ పండి ఉంటుంది; ఆ వెనక ఎండ తగిలిన వైపున ఇంకొకటి అప్పుడే ముడతలు పడి కిస్‌మిస్‌గా మారుతూ ఉంటుంది. మూడింటినీ వరసగా నోట్లో వేసుకో. మొదటిది చింతకాయలా పళ్లు పులిసేలా చేస్తుంది, రెండోది రసంతో నోరు నింపుతుంది, మూడోది పళ్లకు అంటుకుంటుంది. వైన్‌లో ఈ మూడూ కలుస్తాయి. తొక్కిన తరువాత ఆ ఎండిన పళ్లు రసంలో నాని, తమలో దాచుకున్న చక్కెరను ఆలస్యంగా వదులుతాయి. అందుకే ఈ వైన్‌లో ఆల్కహాలు 14.5 నుంచి 16 శాతం దాకా సులువుగా పోతుంది.

వయసు మాటకు వస్తే ఈ గుత్తి దగ్గరే ఒక ముఖ్యమైన సంగతి తేలుతుంది. కోత ఆలస్యమై ఎండిన పళ్ల వాటా ఎక్కువైతే, వైన్ పుట్టుకతోనే ఖర్జూరం, కిస్‌మిస్ వాసన తెచ్చుకుంటుంది. అవి వయసు తేవలసిన వాసనలు. వాటిని మొదటిరోజే ఖర్చుపెట్టుకున్న వైన్‌కు ముందు నడవడానికి దారి మిగలదు. నాలుగైదేళ్లలో తీపి వాసన చప్పబడి, ఆల్కహాలు సెగ ఒక్కటే గొంతులో మిగులుతుంది. తాజా పండు వాసనతో, కాస్త పులుపు బిగువుతో పుట్టినదే పదేళ్ల తరువాత చెప్పడానికి ఏదైనా దాచుకుంటుంది. జిన్‌ఫాండెల్ దాచుకునే వైన్ కాదు, మూడు నుంచి అయిదేళ్లలో తాగేయాలి అనే మాట నీకు చాలామంది నోట వినిపిస్తుంది. అందులో చాలామటుకు నిజముంది. మిగతా కొద్దిపాటి సీసాల గురించే నువ్వు రాస్తున్నావు కనుక, అవి ఎందుకు వేరో చెప్పవలసిన బాధ్యత నీ మీద ఉంది.

ఒక కారణం నేను నమ్మకంగా చెప్పగలను. పాత తోటలు చాలావరకు కలగలుపు తోటలు. జిన్‌ఫాండెల్ మోళ్ల మధ్యలోనే పెటీట్ సిరా, కారిన్యాన్, మటారో, లోపలి కండ కూడా ఎర్రగా ఉండే అలికాంటే బూషే వంటి వేరే ద్రాక్ష రకాలు నాటి ఉంచారు ఆనాటి రైతులు. అన్నిటినీ కలిపి కోసి, కలిపి పులియబెట్టారు. పెటీట్ సిరా రంగును, వగరును పెంచుతుంది, కారిన్యాన్ పులుపు నిలుపుతుంది. లేబుల్ మీద జిన్‌ఫాండెల్ అని వేయాలంటే కనీసం 75 శాతం ఆ ద్రాక్షే ఉండాలి కనుక, ఇలాంటి కొన్ని వైన్లను ద్రాక్ష పేరుతో కాక తోట పేరుతోనే అమ్ముతారు. రిడ్జ్ అనే వైన్ తయారీ సంస్థ వారు 1966 నుంచి చేస్తున్న గైజర్‌విల్, 1972లో మొదలుపెట్టిన లిటన్ స్ప్రింగ్స్ ఈ కోవలోవే. పాత సీసా రుచి చూసే ముందు అందులో ఏ ద్రాక్ష ఎంత ఉందో తెలుసుకుంటే, ఆ వగరు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కోవలసిన పని ఉండదు.

ఇప్పుడు నా పెట్టె సంగతి చెప్తాను. డ్రై క్రీక్ లోయలోని ఒక కలగలుపు తోటలో 2005లో పండిన పంట నుంచి చేసిన వైన్‌ను 2007లో పన్నెండు సీసాలు కొన్నాను. ఆ ఏడాదే మొదటిది తీశాను. నేరేడుపళ్లు తిన్న పిల్లల నాలుక ఎలా ఉంటుందో ఆ రంగు. వాసనలోనూ నేరేడే గుర్తుకొచ్చింది, కానీ నేరేడు కంటే తీయగా, పక్కన అప్పుడే దంచిన మిరియాల ఘాటుతో. (ఆ తీపి ముక్కుకే, నాలుకకు కాదు. ఈ తేడా నీ వ్యాసంలో ఒక్కచోట కూడా లేదు, తప్పక చేర్చు.) మింగాక లేత వక్క నమిలినట్టు చిగుళ్లు పట్టుకుపోయాయి. ఆల్కహాలు 15 శాతానికి దగ్గర్లో ఉన్నా పండు నిండుదనంలో అది తెలియలేదు.

2011లో తీసిన సీసా నన్ను నిరాశపరచింది. పండు వెనక్కి తగ్గింది, దాని చోటులోకి ఇంకా ఏదీ రాలేదు. ముఖం చాటేసుకున్న మనిషిలా ఉంది. అప్పుడు వ్యాసం రాసి ఉంటే ఈ వైన్ పని అయిపోయిందని రాసేవాణ్ని, అది తప్పయ్యేది. వైన్‌కు ఇలాంటి మూగదశ ఒకటి ఉంటుంది. అప్పుడు తీర్పు చెప్పకుండా తేదీ వేసి ఉన్నదున్నట్టు రాసిపెట్టుకో.

2015లో, పదేళ్ల వయసులో తీసింది నేను ఎన్నటికీ మరచిపోలేను. గ్లాసును తెల్లకాగితం మీదికి వంచితే మధ్యలో ముదురెరుపు, అంచున పాత ఇటుక రంగు. వాసన చూడగానే ప్రకాశం జిల్లాలో మా మేనమామ పొగాకు బ్యారన్ కళ్ల ముందు నిలిచింది: ఆకు పండి పసుపు తిరిగే రోజుల్లో తలుపు ఓరగా తీస్తే, లోపలి వేడితో కలిసి వచ్చే ఆ తీయటి ఎండుగడ్డి వాసన. పండు పోలేదు, రూపం మార్చుకుంది. కొత్త చింతపండుకూ జాడీలో ఏడాది దాటి నల్లబడిన పాత చింతపండుకూ ఎంత తేడానో అంత తేడా. వగరు నోటి పక్కల్లో చిక్కటి టీలా మెత్తగా పరుచుకుంది. మిరియం ఘాటు పోయి లవంగం మిగిలింది. సీసా అడుగున మడ్డి పేరుకుంది. రంగునిచ్చే ఆంథోసయనిన్లు, వగరునిచ్చే టానిన్లు ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి ముడిపడి, పెద్దవై, కొంత భాగం బరువెక్కి కిందికి దిగిపోవడమే ఆ మడ్డి. రంగు పలచబడటానికీ, వగరు మెత్తబడటానికీ కొంత కారణం సీసా అడుగున నీ కంటికే కనబడుతుంది.

2021లో పదహారేళ్ల సీసా. పాత తోలు, చందనపు పెట్టె, డికాషను, వాటి వెనక సన్నగా ఎండు నేరేడు. మొదటి అరగంట ఎంతో అందంగా ఉంది. నలభై నిమిషాలకు పండు జారిపోయింది. గంటకు గ్లాసులో పులుపూ సెగా మిగిలాయి. వయసు ఆల్కహాలును తగ్గించదు, పులుపును కూడా పెద్దగా తగ్గించదు. వాటిని కప్పి ఉంచిన పండు పలచబడ్డ కొద్దీ అవి బయటపడతాయి. పాత జిన్‌ఫాండెల్ ముగింపు చాలాసార్లు ఇలాగే ఉంటుంది. ఆ అరగంట ఎంత ప్రేమగా రాస్తావో ఆ తరువాతి అరగంటనూ అంత ఓపికగా రాయి. పాతదైతే గొప్పదే అన్న భక్తితో రాసిన వ్యాసాలు నేను చాలా చదివాను. వాటిలో ఏ సీసా ఎప్పుడు తీయాలో పాఠకుడికి తెలియజెప్పింది ఒక్కటీ లేదు.

ఇంకో సీసా గురించి కూడా చెప్పాలి. ఇల్లు మారినప్పుడు ఒకటి వంటింటి పై అరలో ఉండిపోయి, రెండు వేసవులు అక్కడే గడిపింది. తీసేసరికి బిరడా కాస్త పైకి జరిగి ఉంది, లోపల ఉడికించిన పండు వాసన, తాజాదనం లేదు. అదే తోట, అదే ఏడు, అదే రోజు నింపిన సీసా. మిగతావి 13 డిగ్రీల దగ్గర చీకట్లో పడుకొని ఉన్నాయి, తేడా అంతా అక్కడే. కాబట్టి నువ్వు రుచి చూసే ప్రతి పాత సీసా ఎక్కడ, ఎలా పెరిగిందో అడిగి రాసుకో. అది తెలియకుండా ఒక్క సీసాను బట్టి తోట మొత్తం గురించి మాట్లాడితే ఆ రైతుకు అన్యాయం చేసినట్టే.

భాష గురించి నీకు బెంగ ఉందని ఉత్తరంలో రాశావు. వైన్ గురించి రాయడానికి తెలుగులో మాటలు లేవన్నావు. ఎర్ర వైన్‌కు ప్రాణమైన రుచి వగరు. ఉగాది పచ్చడి తిన్న ప్రతి పిల్లవాడికీ మన దగ్గర ఆ మాట తెలుసు, ఆరు రుచుల్లో దానికి సొంత పేరుంది. పైగా మనకు వగరులో మెట్లు తెలుసు: కరక్కాయ వగరు వేరు, లేత వక్క వగరు వేరు, పచ్చి అరటికాయ వగరు, నేరేడు తొక్క వగరు, చిక్కటి టీ వగరు అన్నీ వేరువేరు. ఒకే వైన్ పదిహేనేళ్లలో వక్క నుంచి నేరేడు తొక్క మీదుగా టీ దాకా నడిచిందని రాస్తే, ఆ ప్రయాణం పాఠకుడి చిగుళ్లకు తెలుస్తుంది. అయితే జాగ్రత్త, పోలిక దొరికిందన్న సంబరంలో తేడా చెప్పడం మరవకు. నేరేడు అని రాస్తే, ఎక్కడ నేరేడులా లేదో కూడా రాయి. బ్లాక్‌బెర్రీని నేరేడు అని అనువదించి ఊరుకుంటే అది అబద్ధమే అవుతుంది.

చరిత్ర భాగంలో ఒక తప్పు దొర్లింది. జిన్‌ఫాండెల్ కాలిఫోర్నియాలో పుట్టిన ద్రాక్ష కాదు. డేవిస్ విశ్వవిద్యాలయంలో కెరోల్ మెరెడిత్, క్రొయేషియా శాస్త్రవేత్తలతో కలిసి చేసిన డీఎన్ఏ పరిశోధనలో, 2001లో, స్ప్లిట్ పట్టణం దగ్గరి కాష్టెల్ నోవిలో మిగిలి ఉన్న ఒక పాత ద్రాక్ష ఇదేనని తేలింది. ఇటలీలో ప్రిమిటివో అనేదీ ఇదే. 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధాన్ని ఈ తోటలు దాటడానికి ఇళ్లలో వైన్ చేసుకునేవారు పండు కొనడం తోడ్పడింది. తరువాత రోజుల్లో వైట్ జిన్‌ఫాండెల్ అనే తీయటి గులాబీ వైన్‌కు వచ్చిన గిరాకీ కొన్ని పాత మోళ్లను పెకలించకుండా కాపాడింది. ఈ భాగం నాలుగు వాక్యాల్లో ముగించు. నీ వ్యాసం బరువు గ్లాసు మీదే ఉండాలి.

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. ఒకే తోట నుంచి మూడు వేర్వేరు ఏళ్ల సీసాలు సంపాదించు, మధ్యలో కనీసం అయిదేసి ఏళ్ల తేడాతో. పాతదాన్ని ఒకరోజు ముందే నిటారుగా నిలబెట్టి ఉంచు, మడ్డి అడుగుకు దిగుతుంది. మడ్డి కదలకుండా, దీపం ముందు, నెమ్మదిగా ఒంపు. మూడు గ్లాసులూ పక్కపక్కన పెట్టి, తీసిన వెంటనే ఒకసారి, అరగంటకు ఒకసారి, గంటకు ఒకసారి వాసన చూసి, గడియారం చూసి సమయం వేసి రాయి. నీకు తోచిన మొదటి మాట ఇంగ్లీషుదైతే, దాన్ని కొట్టేయకుండా పక్కన ఉంచి, అది నీ జీవితంలో ఎక్కడ తగిలిందో వెతుకు.

నా పెట్టెలో ఇంకా రెండు సీసాలున్నాయి. థాంక్స్‌గివింగ్ వారంలో ఒకటి తీద్దామనుకుంటున్నాను. బుధవారం సాయంత్రానికి వచ్చెయ్యి, మంగళవారమే సీసాను నిలబెట్టి ఉంచుతాను. నీ వ్యాసం పాత ప్రతి తెచ్చుకో, పెన్సిలు కూడా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు