బీరువా తాళం పిల్లల చేతికివ్వండి

పిల్లలూ పుస్తకాలూ: పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ తెలుగు టీచర్ జవాబులు

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. మా పిల్లలిద్దరూ కాలేజీకి వచ్చేశారు. చిన్నప్పుడు వాళ్లు చదివిన ఇంగ్లిష్ కథల పుస్తకాలు మూడు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. గుడివాడ దగ్గర మా ఊరి ప్రైమరీ స్కూలుకి పంపిద్దామనుకుంటున్నాం. మీరేమంటారు టీచర్ గారూ?

జవాబు: అంత దూరాన ఉండి కూడా ఊరి పిల్లల్ని తలుచుకున్నారు, చాలా సంతోషం బాబూ. కానీ ఆ పెట్టెలు పంపకండి. అక్కడే మీ లైబ్రరీకి ఇచ్చేయండి. ఆ పుస్తకాలు గడగడా చదివే పిల్లలు మీ చుట్టుపక్కలే ఉన్నారు. మన ఊళ్లో మూడో తరగతి పిల్ల ఇంకా తెలుగు వొత్తుల దగ్గరే తడుముకుంటూ ఉంటుంది. పేజీ నిండా ఇంగ్లిష్ ఉన్న పుస్తకం చేతిలో పెడితే బొమ్మలు తిరగేసి మూసేస్తుంది. ‘పుస్తకాలు నాకు రావు’ అన్న మాట ఒకసారి ఆ పిల్ల మనసులో పడిందంటే దాన్ని తియ్యడం చాలా కష్టం.

పెట్టెలు పంపడానికయ్యే ఖర్చుతో ఇక్కడే తెలుగు బొమ్మల పుస్తకాలు కొనిపించండి. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ అనే సంస్థ వాళ్లు చిన్నపిల్లలకి చక్కటివి వేస్తున్నారు. ఇంగ్లిష్ కూడా అలవాటు కావాలనుంటే చెన్నైలోని తూలిక వాళ్లకి తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కనే ఉండే పుస్తకాలున్నాయి. కొనేముందు హెడ్మాస్టరు గారికి ఒక ఫోన్ చెయ్యండి. పిల్లలెంతమంది, ఇప్పటికే ఏమున్నాయి, వాటిని పిల్లల చేతికి ఎవరిస్తారు అని అడగండి. ఆ చివరి ప్రశ్నకి సరైన జవాబు రాకపోతే కొంచెం ఆగండి.

ఇంకొకటి. ఇది మీ గురించి కాదు, పుస్తకాలు ఇచ్చేవాళ్లందరికీ చెబుతున్నాను. నేను పనిచేసిన బడికి ఒకసారి విరాళంగా పెద్ద పెట్టె వచ్చింది. విప్పితే పైన రెండు కథల పుస్తకాలు. కిందంతా పాత గ్రూప్స్ గైడ్లు, ఇంటర్ కెమిస్ట్రీ, ఏడాది దాటిపోయిన డైరీలు, సగం జవాబులు పెన్నుతో నింపేసిన వర్క్‌బుక్కులు. అప్పటికే పిల్లలు చుట్టూ మూగి ఉన్నారు. అందులోంచి ఒకడు ‘మాకేవి టీచర్?’ అన్నాడు. మీ ఇంటి పిల్లకి పుట్టినరోజున ఇవ్వగలిగిన పుస్తకమైతేనే పెట్టెలో పెట్టండి.

ప్రశ్న: రేపల్లె దగ్గర ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. దాతలిచ్చిన మంచి పుస్తకాలు బీరువాలో ఉన్నాయి. మా హెడ్మాస్టరు గారు తాళం తియ్యనివ్వరు. ‘చిరిగినా పోయినా లెక్క ఎవరు చెబుతారు?’ అంటారు. ఆయనతో గొడవ పెట్టుకోలేను. ఏం చెయ్యాలి?

జవాబు: గొడవ వద్దు తల్లీ. ఆయన భయం ఉత్తిది కాదు. స్టాకు రిజిస్టర్లో ఎక్కిన ప్రతి వస్తువుకీ బదిలీ అయ్యే రోజున లెక్క అప్పజెప్పాలి. పుస్తకం పోయిందంటే సంజాయిషీ తనే ఇచ్చుకోవాలి. ముందు ఆ టెన్షన్ ఆయన నెత్తి మీదనుంచి దించండి. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో ఒక తీర్మానం రాయించండి: విరాళంగా వచ్చిన ఈ పుస్తకాలు పిల్లలు వాడుకోవడానికే, వాడకంలో చిరిగినవాటినీ పోయినవాటినీ ఏడాదికోసారి కమిటీ చూసి జాబితాలోంచి తీసేస్తుంది అని. అందరి చేతా సంతకాలు పెట్టించండి. ఆ పుస్తకాలకి వేరే రిజిస్టర్ పెట్టండి. కాగితం చేతిలో ఉంటే మాస్టారు కాదనరు. కుదిరితే ఆ దాతనే ఒకసారి బడికి పిలిచి, ‘చిరిగితే నాకు సంతోషమే’ అని ఆయన నోటితోనే చెప్పించండి.

మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకి అయిదు సూత్రాలు రాశారు. మొట్టమొదటిది, పుస్తకాలు వాడుకోవడానికే అన్నది. మీ ప్రాంతంలోనే ఇంకా మంచి ఉదాహరణ ఉంది. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు కొల్లూరు వెళ్లే కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పడవెక్కినవాళ్లు ఊరు చేరేదాకా చదువుకునేవాళ్లు. పక్కనే నీళ్లు! తడుస్తాయని ఆయన పెట్టెకి తాళం వేసుకుని కూర్చోలేదు. ఈ సంగతి మీ మాస్టారికి చెప్పి చూడండి, పక్క ఊళ్ల కథ కదా, మనసుకి పడుతుంది.

తాళం తీశాక పుస్తకాల్ని మళ్లీ అరల్లో నిలబెట్టకండి. సన్నటి పుస్తకం అరలో ఉంటే గీత మాత్రమే కనిపిస్తుంది, పిల్లలకి దాని మీద ఆసక్తి పుట్టదు. తరగతి గోడకి ఒకటో తరగతి పిల్లలకి అందే ఎత్తులో తాడు కట్టి, పుస్తకాన్ని మధ్యకి తెరిచి, అట్ట బయటికి కనిపించేలా తాడు మీద వెయ్యండి. వారానికోసారి మార్చండి. బొమ్మ చూసి ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకుంటారు. ఎవరు ఏది తీసుకెళ్లారో రాసే పని మీరు పెట్టుకోవద్దు, నాలుగో తరగతి, అయిదో తరగతి పిల్లలకి అప్పగించండి. ఆ నోట్‌బుక్ వాళ్లు ఎంత శ్రద్ధగా చూసుకుంటారో మీరే చూస్తారు. మా బళ్లో ఒక అమ్మాయి, చదువులో అందరికంటే వెనక, ఈ పని ఇచ్చాక పుస్తకాల పేర్లు రాయడం కోసమే వొత్తులు నేర్చుకుంది. ‘స్నేహితులు’ అని రాయాల్సి వచ్చి, స కింద న వొత్తు ఎటు తిరుగుతుందో చూడటానికి అట్ట మీద వేలు పెట్టి దిద్దుకుంటూ, నాలుక కొసన పంటి కింద పెట్టుకుని రాసేది. వారానికి ఒక పీరియడ్ టేపు, సూది, దారం పెట్టుకుని చిరిగినవి వాళ్ల చేతే అతికించండి. తాము బాగుచేసిన పుస్తకాన్ని పిల్లలు జాగ్రత్తగా పట్టుకుంటారు.

ప్రశ్న: మా అబ్బాయి అయిదో తరగతి. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మీడియం. తెలుగు పరీక్షలో మార్కులు బాగానే వస్తాయి, అంతా బట్టీ. కథల పుస్తకం ఇస్తే ముట్టుకోడు. రోజూ ఒక పేజీ చదవాలని రూల్ పెడితే ఏడుపు.

జవాబు: ముందు ఆ రూల్ తీసేయమ్మా. పడుకునే ముందు మీరే చదివి వినిపించండి. అర్థాలు అడగొద్దు, నీతి ఏమిటని అసలే అడగొద్దు. రసపట్టులో ఆపి ‘గొంతు నొప్పిగా ఉంది, ఈ నాలుగు లైన్లు నువ్వు చదువు’ అంటే వాడే లాక్కుంటాడు. వాడి వయసు చూసి కాదు, వాడు చదవగలిగింది చూసి పుస్తకం ఎంచండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, నాలుగు స్థాయిలుగా విడదీశారు. మొదటి స్థాయి కథలు చిన్న చిన్న మాటలతో, చిన్న వాక్యాలతో ఉంటాయి. అయిదో తరగతి వాడికి అవి చిన్నతనంగా అనిపిస్తే ‘చెల్లికి చదివి వినిపించు’ అని ఇవ్వండి, చెల్లి లేకపోతే పక్కింటి పాప. మీ పేటలో శాఖా గ్రంథాలయం ఎక్కడుందో కూడా కనుక్కోండి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. పిల్లల పుస్తకాలు తెప్పించమని అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: నా దగ్గర పాత ‘చందమామ’లు ఏడాదికొకటి చొప్పున బైండు చేయించి ఉన్నాయి. మా మనవలకి తెలుగు రాదు. బడికి ఇవ్వనా?

జవాబు: ఇవ్వండి అన్నయ్యగారూ. అయితే వాటిని చిన్నపిల్లలకి నేరుగా ఇస్తే కష్టం. 1947లో మొదలైన పత్రిక అది, ఆ అక్షరాలు సన్నం, పేరాలు పొడుగు. హైస్కూలుకి ఇవ్వండి, పెద్ద పిల్లలు చదివి చిన్నవాళ్లకి చెబుతారు. బైండు చేస్తే పన్నెండు సంచికలూ ఒక్క పిల్లాడి చేతిలో ఉండిపోతాయి. అట్టలు బాగున్న సంపుటాలు అలాగే ఉంచి, వదులైనవాటిని విప్పించి విడివిడిగా ఇవ్వండి. ఇంకా మంచిది, వారానికో రోజు మీరే వెళ్లి ఒక కథ చదవండి. మీలా పెద్దాయన కూర్చుని చదువుతుంటే పిల్లలు కదలరు.

ప్రశ్న: పుస్తకాలు వేరే జిల్లా స్కూలుకి పంపాలంటే కొరియర్ వాళ్లు చాలా అడుగుతున్నారు.

జవాబు: పోస్టాఫీసుకి వెళ్లి ‘జ్ఞాన్ పోస్ట్’ అని అడగండి. 2025 మే నుంచి ఉంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100 రూపాయలు, పన్ను అదనం. పుస్తకాలు మాత్రమే పెట్టాలి, లోపల ప్రకటనల కాగితాలుండకూడదు. పార్సిల్ విమానంలో వెళ్లదు కాబట్టి కొన్ని రోజులు ఆలస్యమవుతుంది. బడి తెరిచే జూన్ నాటికి చేరాలంటే మే మొదట్లోనే కట్టించండి. సెలవుల్లో బడికి పంపితే తీసుకునేవాళ్లుండరు, అందుకని ఆ ఊళ్లోనే ఉండే టీచరు ఇంటి అడ్రసు రాయండి.