అమ్మాయికి పర్డ్యూ కావాలట, నాకేమో ఫీజు టెన్షన్!

ప్రశ్న: మాది టెక్సాస్‌లోని ఫ్రిస్కో. నాది హెచ్-1బీ ఉద్యోగ వీసా, అమ్మాయిది దాని మీద పిల్లలకిచ్చే హెచ్-4. తనకి యూటీ డాలస్ (డాలస్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ)లోనూ, ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీలోనూ కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. పర్డ్యూకే వెళ్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: పర్డ్యూ పేరు పెద్దదే, అమ్మాయి ఆశలో తప్పేం లేదు. కానీ అక్కడ ఇండియానా పిల్లలకి ఏడాదికి 9,992 డాలర్లయితే బయటి రాష్ట్రం వాళ్లకి దాదాపు 28,800, అంటే నాలుగేళ్లకి ఒక్క ట్యూషనే లక్షా 15 వేలు, హాస్టలు, తిండి, పండక్కి ఇంటికి రావడానికి విమానం టికెట్లు వేరే. ఏడాది ఉంటే అక్కడి రెసిడెంట్ అయిపోయి తక్కువ ఫీజు కట్టొచ్చని ఎవరైనా పార్టీలో చెబితే నమ్మకండి, చదువు కోసమే వచ్చినవాళ్లని మామూలుగా అలా లెక్కేయరు. హెచ్-4 వాళ్లకి ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) సాయమూ రాదు. టెక్సాస్‌లో మాత్రం నిబంధన ప్రకారం ఏడాదికి పైగా ఉంటున్న మీలాంటివాళ్ల పిల్లలకి ఆ రాష్ట్రం వాళ్లకుండే తక్కువ ఫీజే పడుతుంది, పైగా యూటీ డాలస్‌లో చేరినప్పటి ట్యూషన్ నాలుగేళ్లూ మారదు. ఇంకోటి, అసలు చాలామంది మర్చిపోయేది: ఈలోగా గ్రీన్‌కార్డు రాకపోతే 21 నిండగానే హెచ్-4 పోతుంది, ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి, హెచ్-4 మీద జీతం వచ్చే ఇంటర్న్‌షిప్పులూ చేయడం కుదరదు. ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. అప్పు చేయాల్సొస్తే మాత్రం నా ఓటు డాలస్‌కే.